పోరుకు ఒక పేరు, పంపకానికి మరో పేరు

చిత్తూరులోనైనా తిరుపతిలోనైనా బీసీ-ఈ సర్టిఫికెట్ కోసం అధికారులు తిరగేసే జాబితా ఒక్కటే. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన 26వ నంబరు చట్టంతో వచ్చిన జాబితా అది. వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ దాని ద్వారానే అందుతోంది. అత్తర్ సాయిబులు, ఫకీర్లు, లబ్బీలు, ఖురేషీలు, షేక్‌ల సరసన అందులో ఒకే వరుసలో నాలుగు పేర్లు కలిపి కనిపిస్తాయి: సిద్ది, యాబా, హబ్షీ, జాసి. ఆఫ్రికా నుంచి వచ్చి దక్కను నేల మీద కలిసిపోయిన వారి సంతతికి ఈ గడ్డ మీద చట్టం ఇచ్చిన చోటు అదే. ఈ సౌకర్యం వర్తించనివారిని కూడా ఆ చట్టమే పేరుపేరునా చెప్పింది. సయ్యదులు, మొగలులు, పఠాన్లు, ఇరానీలు, వారితోపాటు అరబ్బులు. చూడటానికి ఇందులో పేచీ ఏమీ లేదు. అయితే హైదరాబాద్ సిద్దీల్లో తమను అరబ్బు మూలాల వారిగా చెప్పుకునే కుటుంబాలూ ఉన్నాయి. ఇంట్లో, పెళ్లిళ్లలో గౌరవం తెచ్చే పేరు ఒకటి. కాలేజీ సీటు తెచ్చే పేరు మరొకటి. ‘నువ్వెవరు’ అన్న ప్రశ్నకు ఒకే మనిషి రెండు చోట్ల రెండు జవాబులు చెప్పుకోవలసి వస్తే తప్పు ఆ మనిషిదా, ఆ ప్రశ్న అడిగిన తీరుదా? తప్పు ప్రశ్నలోనే ఉందన్నది ఈ వ్యాసం వాదన. ఆఫ్రికా సంతతి వారిలో ‘మేం ఎవరం, మమ్మల్ని ఏమని పిలవాలి’ అన్న తగువు అమెరికాలోనూ, దక్షిణాఫ్రికాలోనూ, బ్రెజిల్‌లోనూ తరాలుగా తెగకుండా సాగడానికి కారణం కూడా అక్కడే దొరుకుతుంది.

సిద్దీల కథను బానిసత్వంతో మొదలుపెట్టి దానితోనే ముగించేవారు దక్కను చరిత్రలో సగం చదవనట్టే. చేతులు మారుతూ అమ్ముడుపోయిన మలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యానికి పెద్ద దిక్కయ్యాడు. 1626లో చనిపోయేదాకా మొగలులకు కంటి మీద కునుకు లేకుండా చేశాడు. అంతదూరం ఎందుకు, రాయలసీమలోనే ఆదోని ఉంది. బీజాపూరు సుల్తానుల కొలువులో పాలనా పగ్గాలు పట్టేదాకా ఎదిగిన సిద్దీ మసూద్ ఖాన్‌కు ఆ కోట స్థావరం. 1688లో ఔరంగజేబు సైన్యానికి లొంగిపోయేవరకు అది అతని చేతిలోనే ఉంది. పట్టణంలోని షాహీ జామియా మసీదు అతని కట్టడమే. అంటే పదిహేడో శతాబ్దపు సీమలో హబ్షీ అన్న మాటలో అధికారం పలికేది. పందొమ్మిదో శతాబ్దానికి ఆ పేరు విలువ మారింది. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు చేరిన ఆఫ్రికన్ అశ్విక దళం రాజుగారి ఠీవిని చాటే పరివారంగా మిగిలింది. హైదరాబాద్‌లో ఆ దళం నివసించిన పేటకే ఏసీ గార్డ్స్ అన్న పేరు స్థిరపడింది. సిటీ బస్సు బోర్డు మీద ఆ పేరు చదివేవారిలో ‘ఏ’ అంటే ఆఫ్రికన్ అని ఎందరికి తెలుసో! 1948లో నిజాం రాజ్యం పోయాక ఆ దళమూ రద్దయింది. జీతం, క్వార్టరు, హోదా ఒకేసారి పోయిన ఆ కుటుంబాలకు పక్కనే ఉన్న ఆసరా హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సైనికుల సంతతి, అంటే బార్కస్ చుట్టుపక్కల స్థిరపడిన చావూష్‌లు. మతం ఒకటి, కొలువు ఒకటి, వియ్యాలు కూడా ఉన్నాయి. పెళ్లి ఊరేగింపుల్లో హోరెత్తే మర్ఫా వాద్యం అరబ్బులదా, సిద్దీలదా అని విడదీయడం నేటికీ కష్టమే. ఇథియోపియా పరిశోధకుడు అబాబు మిందా యిమెనె 2004లో హైదరాబాద్ సిద్దీల గుర్తింపు మీద ఒక పుస్తకమే రాశారు.

అరబ్బు పేరును ఆశ్రయించడాన్ని కొందరు సిగ్గుపడి చేసే పనిగా, మూలాలను దాచుకోవడంగా చూస్తారు. ఆ తీర్పు ఎంత తొందరపాటో తెలియాలంటే మన చిత్తూరు వైపు వాళ్లు వెళ్లిన మరో ఊరి సంగతి చూడాలి. 1860 నవంబరులో ట్రూరో ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని దర్బన్ చేరింది మొదలు 1911 వరకు లక్షా 52 వేల మందికి పైగా భారతీయులు ఒప్పందపు కూలీలుగా నాటాల్ చెరకు తోటలకు వెళ్లారు. వారిలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారు. కూలీలను ఎక్కువగా పంపిన జిల్లాల్లో ఉత్తర ఆర్కాడు ఒకటి. ఆ జిల్లాకు ముఖ్య పట్టణం చిత్తూరు, తిరుపతి కూడా అందులోదే. చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడింది 1911లో. నాటాల్‌కు కూలీల ఓడలు ఆగిందీ ఆ ఏడే. కాబట్టి ఈ ప్రాంతం నుంచి ఓడ ఎక్కినవారి వివరాల్లో చిత్తూరు జిల్లా అన్న మాట ఉండే అవకాశం చాలా తక్కువ. రిజిస్టరులో ఒక నంబరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు రాసుకున్నారు. దిగాక మాత్రం అందరికీ ఒకటే పేరు, కూలీ. తమిళుల పేర్ల చివర వినిపించే స్వామి అన్న మాటను పట్టుకుని తెల్లవారు మనవాళ్లందరినీ సామి అనేవారని గాంధీ ఆత్మకథలో రాశారు. అదే పుస్తకంలో మరో సంగతి ఉంది. కూలీ ముద్రను తప్పించుకోవడానికి గుజరాతీ ముస్లిం వ్యాపారులు తమను అరబ్బులమని, పార్సీలు పర్షియన్లమని చెప్పుకునేవారట. దర్బన్ బజారులో షావుకారుకు అరబ్బు పేరు ఎందుకు కావలసి వచ్చిందో, ఏసీ గార్డ్స్‌లో సిద్దీ కుటుంబానికీ అందుకే కావలసి వచ్చింది. పైవాడు తగిలించిన పేరు కింద జరిగే అవమానం భరించలేనప్పుడు, పక్కన అందుబాటులో ఉన్న మెరుగైన పేరు కిందికి జరగడం అది. అబద్ధం అనడానికి ముందు ఆ అవమానాన్ని లెక్కలోకి తీసుకోవాలి. గాంధీ సైతం తొలినాళ్లలో భారతీయులను ఆఫ్రికన్లతో కలిపి లెక్కించవద్దనే అర్జీలు పెట్టారు. ఆ అర్జీలు ఈనాడు చదవడానికి ఇబ్బందిగా ఉంటాయి. ఉండాలి కూడా.

దక్షిణాఫ్రికా కథ అక్కడితో ఆగి ఉంటే ఇది ఆత్మగౌరవం కోసం మనుషులు వేరొకరి పేరు అరువు తెచ్చుకున్న కథగానే మిగిలేది. 1950లో జనాభా నమోదు చట్టం వచ్చింది. తెల్లవారు, స్థానికులు, మిశ్రజాతి వారు అని మనుషులను మూడు అరల్లో పెట్టింది. భారతీయులు మొదట మిశ్రజాతి అరలోనే ఒక ఉపవిభాగం. రూపం చూసి, ఇరుగుపొరుగు ఏమనుకుంటున్నారో అడిగి గుమాస్తా జాతిని తేల్చేవాడు. తెల్ల తల్లిదండ్రులకు పుట్టిన సాండ్రా లైంగ్ అనే చిన్నపిల్లను, రంగు తేడాగా ఉందని 1966లో మిశ్రజాతిగా మార్చేశారు. ఈ యంత్రాంగానికి ఎదురుగా 1969లో స్టీవ్ బీకో నాయకత్వంలో మొదలైన విద్యార్థి సంఘం శాసో ఒక సాహసం చేసింది. అంతదాకా ప్రభుత్వం వాడుతున్న ‘తెల్లవారు కానివారు’ అన్న పేరును తోసిపుచ్చింది. మనల్ని మనం కానిదానితో ఎందుకు చెప్పుకోవాలన్నది వారి ప్రశ్న. చట్టం చేతిలోనో, ఆచారం చేతిలోనో వివక్షకు గురై, దానికి ఎదురు నిలబడటానికి ఒక్కటైనవాళ్లంతా నల్లవారే అని నిర్వచించింది. ఆ నిర్వచనంలో ఒంటి రంగు ఊసే లేదు. అందుకే దక్షిణ భారత మూలాలున్న స్ట్రినీ మూడ్లీ, సాత్స్ కూపర్ ఆ ఉద్యమంలో ముందు వరుసలో నిలిచి, తాము నల్లవారమని చెప్పుకుని జైలుకు వెళ్లారు. 1949లో దర్బన్‌లో ఆఫ్రికన్లకూ భారతీయులకూ మధ్య అల్లర్లు జరిగి 142 మంది చనిపోయారు. ఆ గాయం ఇంకా పచ్చిగా ఉన్న ఊళ్లోనే ఈ కొత్త పేరు పుట్టడం చిన్న సంగతి కాదు.

ఆ పేరు గెలిచాక ఏమైందన్నది అసలు కథ. వర్ణవివక్ష రాజ్యం కూలిన తర్వాత 1998లో వచ్చిన ఉపాధి సమానత్వ చట్టం శాసో మాటనే దాదాపుగా చట్టంలోకి తీసుకుంది. నల్లవారు అంటే ఆఫ్రికన్లు, మిశ్రజాతి వారు, భారతీయులు అని రాసింది. చైనా సంతతి వారు కోర్టుకెక్కి 2008లో ప్రిటోరియా హైకోర్టు తీర్పుతో తామూ ఆ పేరు కిందికి చేరారు. జైలుకు వెళ్లేటప్పుడు ఎవరూ అడ్డుచెప్పని పేరు, ఉద్యోగాల వాటా దగ్గరికి వచ్చేసరికి తగువుకు కారణమైంది. వివక్షలోనూ మెట్లు ఉన్నాయనీ, ఆఫ్రికన్ల కంటే భారతీయులు ఒక మెట్టు పైన ఉన్నారనీ, ఇద్దరికీ ఒకే పేరు మీద వాటా ఇస్తే కింది మెట్టు వాడికి మిగిలేదేమిటనీ ఆఫ్రికన్లు అడుగుతారు. ఈ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబుగా ‘నాడు మేమూ నల్లవారమే కదా’ అంటే సరిపోదు. పోరు కోసం పుట్టిన పేరు ఎంత విశాలంగా ఉంటే అంత బలం. పంపకం కోసం వాడే పేరు ఎంత నిశితంగా ఉంటే అంత న్యాయం. ఈ రెండు పనులనూ ఒకే పేరుతో చేయించబోయినప్పుడల్లా తగువు వస్తుంది.

ఈ సంగతి తెలుగువారికి వేరెవరూ చెప్పనక్కర్లేదు. 1985లో కారంచేడు ఊచకోత తర్వాత దళిత మహాసభ పుట్టినప్పుడు హరిజన అన్న పేరును వదిలి దళిత అన్న పేరు కిందికి మాలలు, మాదిగలు కలిసే నడిచారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో ఎస్సీ వర్గీకరణ కోరుతూ మాదిగ దండోరా మోగింది. మాదిగ అన్న మాటను బాహాటంగా పేరు చివర తగిలించుకునే తెగువ అక్కడ మొదలైంది. పెద్ద పేరును చీల్చుతున్నారని ఆనాడు నిందించినవారు తక్కువేం కాదు. ముప్పై ఏళ్లకు, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ దాన్ని అమలులోకి తెచ్చాయి. దాంతో దళిత అన్న పేరేమీ చచ్చిపోలేదు. ఊళ్లో దాడి జరిగితే ధర్నా ఆ పేరు మీదే జరుగుతుంది. సీటు లెక్క మాత్రం చిన్న పేరు మీద జరుగుతుంది. అంతకుముందు 2018లో కేంద్ర సమాచార శాఖ టీవీ చానళ్లకు ‘దళిత’ మాట మానుకోమని సలహా ఇచ్చింది. పంపకం కాగితాల్లో ఏ పేరుండాలో రాజ్యం చెప్పొచ్చు. పోరు పేరును కూడా తానే చెబుతానంటే ఎవరు వింటారు?

అమెరికాలోనూ ఇదే వరుస. నీగ్రో అన్న పేరు మార్చాలని ఒక హైస్కూలు కుర్రవాడు రాసిన ఉత్తరానికి డబ్ల్యూ.ఈ.బీ. డుబోయిస్ 1928లో జవాబిస్తూ, పేరు మార్చినంత మాత్రాన స్థితి మారదని నచ్చజెప్పారు. అయినా తర్వాతి తరాలు ఆగలేదు. 1960లలో ‘బ్లాక్’, 1988లో జెస్సీ జాక్సన్ ముందుకు తెచ్చిన ‘ఆఫ్రికన్ అమెరికన్’ వచ్చాయి. ఈనాడు తగువు మరోచోటికి జరిగింది. బానిసల సంతతి వారు ఒకవైపు, నైజీరియా, జమైకా నుంచి నిన్న మొన్న వచ్చిన చదువుకున్న కుటుంబాలు మరొకవైపు. ఇద్దరికీ ఒకే గడి చాలునా అన్నది ప్రశ్న. తండ్రి జమైకా వాసి, తల్లి తమిళనాడు మనిషి అయిన కమలా హారిస్‌ను 2024లో డొనాల్డ్ ట్రంప్ ‘ఈమె ఉన్నట్టుండి నల్లమనిషి అయింది’ అన్న అర్థంలో ఎద్దేవా చేశారు. ఒక మనిషికి ఒకే పేరుండాలన్న గుమాస్తా బుద్ధి అది. మన ఎన్నారైలు దీన్ని చూసి నవ్వుకునే ముందు తమ చరిత్ర చూసుకోవాలి. 1923లో భగత్‌సింగ్ థింద్ అమెరికా సుప్రీంకోర్టులో తాను తెల్లజాతివాడినని వాదించి ఓడిపోయాడు. 1970 జనగణన మాత్రం భారతీయులను తెల్లవారిలోనే లెక్కగట్టింది. అల్పసంఖ్యాకులకు దక్కే రక్షణలు ఆ లెక్కతో చేజారుతున్నాయని మన సంఘాలే అడిగి, 1980లో విడిగా గడి తెప్పించుకున్నాయి.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. ఎవరికి నచ్చిన పేరు వారిదంటే దొంగ సర్టిఫికెట్లకు తలుపులు బార్లా తెరిచినట్టే కదా? ఈ భయం ఉత్తది కాదు. 2012లో బ్రెజిల్ విశ్వవిద్యాలయాల్లో నల్లవారికి, మిశ్రవర్ణం వారికి కోటా ఇస్తూ, స్వయంగా చెప్పుకుంటే చాలన్నారు. కొన్నేళ్లకే తెల్లగా ఉన్న పిల్లలు ఆ సీట్లలో కనిపించడంతో, అభ్యర్థిని ఎదురుగా కూర్చోబెట్టి రూపం చూసి తేల్చే సంఘాలు వచ్చాయి. మన దగ్గర 1993 నాటి 16వ చట్టం కుల ధ్రువపత్రాల తనిఖీకే పుట్టింది. అయితే తనిఖీ చేసే తీరు కొన్నిసార్లు మోసం కంటే అన్యాయంగా ఉంటుంది. 1994 నాటి మాధురీ పాటిల్ తీర్పు తర్వాత ‘మీ పాటలేమిటి, మీ పెళ్లి తంతు ఏమిటి, మీ దేవతలెవరు’ అని అడిగి గిరిజనుడు అవునో కాదో తేల్చే పరీక్ష వ్యాపించింది. పట్నంలో పుట్టి కాన్వెంటులో చదివిన పిల్ల తాత పాట పాడలేకపోతే తెగ పోతుందా? ఆ పరీక్షే కొలబద్ద కాదని సుప్రీంకోర్టు 2023లో చెప్పడం ఊరట. సిద్దీలకు ఈ చిక్కు మరీ దగ్గరిది. ధమాల్ నాట్యం చేస్తేనే, డప్పు మోగిస్తేనే ఆఫ్రికా మూలాలను నమ్మే పర్యాటక చూపు ఇప్పటికే వారి మీద ఉంది. కాబట్టి పంపకం దగ్గర అడగవలసింది ఆటపాటలను గురించి కాదు. ఆ కుటుంబం ఏ పేరు కింద ఏం కోల్పోయిందన్నది అడగాలి. దళం రద్దయినవారి పింఛను కాగితాలు, పేట రికార్డులు, పాఠశాల రిజిస్టర్లు చెప్పగల సంగతి అది. అరబ్బు పేరుతో వియ్యమందిన కుటుంబం కూడా ఆ కాగితాలు చూపగలిగితే వాటా ఇవ్వాలి. ఇంట్లో ఏ పేరుతో పిలుచుకుంటారన్నది తహశీల్దారుకు అక్కర్లేని విషయం.

డీఎన్ఏ పరీక్ష చేస్తే పీడ విరగడవుతుంది కదా అని సైన్సు మీద నమ్మకమున్నవారు అంటారు. చేశారు కూడా. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు కర్ణాటక, గుజరాత్ సిద్దీల జన్యువులను పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు. ఆఫ్రికా వంశం ప్రధానంగా ఉందనీ, భారతీయ వంశం గణనీయంగా కలిసిందనీ, పోర్చుగీసు ఛాయలు ఉండవచ్చనీ, ఆ కలయిక సుమారు ఎనిమిది తరాల కిందటిదనీ తేల్చారు. ఆ సంస్థ ఉన్నది హబ్సిగూడలో! ఊరి పేరే హబ్షీలను తలపిస్తుంటే లోపల హబ్షీల నెత్తురు పరీక్షించడం ముచ్చటైన కాకతాళీయం. ఆ పరిశోధన వలసల చరిత్రకు విలువైన సాక్ష్యం. కానీ వివక్ష చూపేవాడు జన్యువులు చదివి చూపడు. జుట్టు చూసి, ముఖం చూసి చూపుతాడు. 2017లో గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థులను చావబాదిన గుంపు ఎవరి వంశవృక్షమూ అడగలేదు. తరతరాలుగా కన్నడం, ఉర్దూ, కొంకణి మాట్లాడుతున్న సిద్దీని ‘ఏ దేశం మీది’ అని రైల్లో అడిగే తోటి ప్రయాణికుడికీ శాతాలతో పనిలేదు.

మొత్తానికి పేర్లే వద్దు, అందరం భారతీయులమే అంటే పోలేదా అనేవారూ ఉన్నారు. ఈ మాట చెప్పడం ఎవరికి సులువో గమనించండి. పేరు అడగనిదే ఊళ్లో ఇల్లు అద్దెకు దొరికేవారికి. సిద్దీల విషయంలో పేరు రాయించుకున్నచోటా రాయించుకోనిచోటా ఏం జరిగిందో ఎదురుగా కనిపిస్తోంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ సిద్దీలు 2003లో షెడ్యూల్డ్ తెగల జాబితాకెక్కారు. 2020లో బెళగావి, ధారవాడ జిల్లాల సిద్దీలనూ చేర్చారు. అదే ఏడు శాంతారామ సిద్ది ఆ రాష్ట్ర శాసనమండలికి నామినేట్ అయ్యారు. ఒక సిద్దీ చట్టసభలో కూర్చోవడం అదే మొదలు. హైదరాబాద్ సిద్దీలు అరవై ఏళ్లు ఏ జాబితాలోనూ లేకుండా, 2007లో బీసీ-ఈలో ఒక వరుసగా మిగిలారు. అలాగని పేరు రాసుకుంటే చాలనీ కాదు. 1980లలో కేంద్ర క్రీడా విభాగం ఆఫ్రికా రక్తం పరుగు పందేలకు పనికొస్తుందన్న లెక్కతో సిద్దీ పిల్లలను ఏరి శిక్షణ ఇచ్చింది. పతకాలు వచ్చాయి. కొన్నేళ్లకు పథకం ఆగింది, పిల్లలు ఇళ్లకు చేరారు. ఒంటిని చూసి పెట్టిన పేరుకు అంతకంటే ఆయుష్షు ఉండదు.

2027 జనగణనలో కులం కూడా అడగబోతున్నారు. 2011 సామాజిక, ఆర్థిక, కుల గణనలో ఎవరు చెప్పింది వారికి రాసుకుంటే 46 లక్షలకు పైగా పేర్లు తేలి, లెక్క పనికిరాకుండా పోయిందని కేంద్రమే సుప్రీంకోర్టుకు చెప్పింది. అందుకని ఈసారి జనం నోటి మాట కంటే ముందే గళ్లు గీసి ఉంచాలన్న ఒత్తిడి ఉంటుంది. ఆ తొందర వద్దు. చెప్పిన పేరు చెప్పినట్టే రాసుకుని, ఏ పేర్లను ఏ హక్కు కిందికి చేర్చాలన్న పని తర్వాత, ఆ వర్గం మాట విని, కారణాలు అచ్చువేసి చేయవచ్చు. పేర్లు ఎక్కువైనంత మాత్రాన హక్కు గందరగోళం కాదని రాయలసీమ తండాలను చూస్తే తెలుస్తుంది. మన వైపు సుగాలీలు, తెలంగాణలో లంబాడాలు, తమలో తాము బంజారాలు. షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఆ పేర్లన్నీ ఒకే పద్దు కింద ఉన్నాయి. మదనపల్లె దగ్గరి తండాలో సుగాలీ తాను లంబాడీనని ఒప్పుకుంటేనే సర్టిఫికెట్ ఇస్తామని ఎవరూ అనరు. ఏసీ గార్డ్స్ కుటుంబం అరబ్బు పేరు వదులుకుంటేనే వాటా అనడం కూడా అంతే అర్థం లేని షరతు. ఆ షరతును తీసేయడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. 2007 చట్టం జాబితాలో సిద్దీ వంశం నిరూపించుకున్న కుటుంబానికి అరబ్బుల మినహాయింపు వర్తించదని ఒక్క వాక్యం చేరిస్తే చాలు. బీసీ-ఈ చెల్లుతుందా లేదా అన్న పెద్ద కేసు 2010 నుంచి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు నీడలో ఉన్నా, ఆ వాక్యం రాయడానికి రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎవరికీ అడ్డేమీ లేదు.